దర్గామిట్ట సిపాయిలు, మా గల్లీ సిపాయి

నెల్లూరులో దర్గామిట్ట అనే పేట ఉంది. పెద్దాసుపత్రికి వెళ్లేవాళ్లు, ఆఫీసుల చుట్టూ కాగితాలు పట్టుకు తిరిగేవాళ్లు రోజూ ఆ పేరు పలుకుతారు. ఆ దర్గా ఎవరిదయ్యా అంటే బారాషహీద్ దర్గా అంటారు. బారా అంటే పన్నెండు. షహీద్ అంటే యుద్ధంలో ప్రాణం విడిచినవాడు. పన్నెండు మంది చచ్చిపోయిన సిపాయిలు. అంతే. పేటకు పేరొచ్చింది వాళ్ల వల్లే. వాళ్ల పేర్లు మాత్రం పేటకు తెలీవు.

నేను కోటమిట్టలో పుట్టి పెరిగినవాణ్ణి. కోటమిట్టలో ఇప్పుడు చూడ్డానికి కోట లేదు, కోట పేరు మిగిలింది. ఇరుకు గల్లీలు మిగిలాయి. మొహర్రం వచ్చిందంటే మా నానీ చెయ్యి పట్టుకుని దర్గామిట్టకు నడిచిపోయేవాళ్లం. చెరువుగట్టు మీద వరసగా పన్నెండు సమాధులు, పచ్చచాదర్లు, ఊదుపొగ, చెరువులో మోకాటిలోతు నీళ్లలో నిలబడ్డ ఆడవాళ్లు. నానీ దారి పొడుగునా కథ చెప్పేది. గండవరం దగ్గర పెద్ద యుద్ధం జరిగిందంట. పన్నెండు మంది జవాన్ల తలలు అక్కడే తెగిపడ్డాయంట. మొండేలు గుర్రాల మీదే ఉండిపోయాయంట. గుర్రాలు మాత్రం ఆగలేదంట. పెన్న దాటి, ఊరు దాటి, ఈ చెరువుగట్టుకొచ్చి మోకరించాయంట. అందుకే తలలు గండవరంలో, మొండేలు ఇక్కడ.

“గుర్రాలకు దారెట్లా తెలిసింది నానీ?” అని అడిగాను ఒకసారి.

“ఇంటికి పొయ్యే దారి గుర్రానికి తెలీదా?” అంది నానీ.

ఆ మాట నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు.

పెద్దయ్యాక ఈ కథను చరిత్ర పుస్తకాల పక్కన పెట్టి చూశాను. జనం చెప్పే లెక్క ప్రకారం ఆ యుద్ధం 1751లో జరిగింది, వాలాజా నవాబులకూ బీజాపూర్ సుల్తానులకూ మధ్య. కొన్ని కథనాలు ఆ పన్నెండు మందిలో ఒకరు టర్కీ నుంచి వచ్చిన సేనాని అంటాయి. చిక్కేమిటంటే బీజాపూర్ సుల్తానుల రాజ్యం 1686లోనే ఔరంగజేబు చేతిలో ముగిసిపోయింది. 1751లో యుద్ధం చెయ్యడానికి బీజాపూర్ సుల్తాను ఎవరూ లేడు. ఇది చెబితే మా పెద్దవాళ్లకు కోపం వస్తుంది. నేను కథను కొట్టేయడానికి ఇది చెప్పడం లేదు. జనం జ్ఞాపకంలో రాజుల పేర్లు తారుమారయ్యాయి, ఏడు మాత్రం చిత్రంగా సరిపోతుంది. 1749లో ఆంబూరు యుద్ధంలో అన్వరుద్దీన్ ఖాన్ చనిపోయాక ఆర్కాటు గద్దె కోసం ఆయన కొడుకు మహమ్మదలీ ఒక పక్క, చందాసాహెబ్ ఇంకో పక్క కొట్టుకున్నారు. మహమ్మదలీ వెనక ఇంగ్లీషువాళ్లు, చందాసాహెబ్ వెనక ఫ్రెంచివాళ్లు. 1751 అంటే క్లైవు ఆర్కాటు కోటలో దూరిన ఏడు. కర్ణాటక రాజ్యమంతా తగలబడుతున్న కాలం. నెల్లూరు సీమ ఆ రాజ్యానికి ఉత్తరపు కొస.

ఆ కొసలో మా ఊరి కోట చేతులు మారుతూనే ఉంది. నెల్లూరును ఏలింది నవాబు తమ్ముడు నజీబుల్లా ఖాన్. 1753లో మహమ్మద్ కమాల్ అనే సేనాని నజీబుల్లాను తరిమేసి కోట పట్టుకున్నాడు. అక్కడితో ఆగక తిరుపతి మీదికి వెళ్లాడు. తిరుపతి కొండ ఆదాయాన్ని నవాబు తన అప్పు కింద కంపెనీకి రాసిచ్చి ఉన్నాడు. కాబట్టి కమాల్‌ను అడ్డుకోవడానికి కంపెనీ సిపాయిలు వెళ్లారు. అతను ఓడిపోయి పట్టుబడ్డాడు, చంపేశారు. నాలుగేళ్లు గడిచేసరికి నజీబుల్లాయే అన్న మీద తిరగబడ్డాడు. 1757 మే నెలలో కంపెనీ సేనాని ఫోర్డ్ ఫిరంగులతో వచ్చి మా కోటగోడకు గండి కొట్టాడు. లోపలివాళ్లు ఆ గండి దగ్గరే నిలబడి తిప్పికొట్టారు. ఫోర్డ్ కోట పట్టలేక వెనక్కి పోయాడు. ఆ ఫోర్డే మరుసటి ఏడు చందుర్తిలో, 1759లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లను ఓడించి పెద్దవాడయ్యాడు. పాఠ్యపుస్తకాలు ఆ గెలుపులు రాస్తాయి. కోటమిట్ట గండిలో ఫోర్డును ఆపినవాళ్లు ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లలో మా ముత్తాతల ముత్తాతలు ఉన్నారేమో. ఫోర్డు వైపు నిచ్చెనలెక్కిన సిపాయిల్లోనూ ఉన్నారేమో!

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. అన్నదమ్ముల తగాదా అది. రెండు పక్కలా నవాబులు ముసల్మానులు. రెండు పక్కలా సిపాయిల్లో సాయిబులూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. ఎవడి తనఖా తిన్నవాడు వాడి తరఫున చచ్చాడు. తనఖా అంటే జీతం. ఆ కాలంలో ఫౌజులో చేరడం బతుకుతెరువు. భూమి లేనివాడికి, చిన్నకొడుకుకి, వానలు రాని ఏడు రైతుకి అదే దారి. మాకు మిలిటరీ చరిత్ర అనగానే ‘దండెత్తి వచ్చినవాళ్లు’ అని ఒక పాఠం చెప్పేవాళ్లున్నారు. దండెత్తింది నవాబులు. మా తాతలు నెల జీతానికి బరిసె మోసినవాళ్లు. రాజ్యం వచ్చినప్పుడు వాళ్లకు వాటా రాలేదు, పోయినప్పుడు కూలి పోయింది. 1801లో కర్ణాటక రాజ్యం మొత్తం కంపెనీ చేతికి వెళ్లాక నవాబుల సిపాయిలు వీధిన పడ్డారు. కొందరు ఎర్రకోటు తొడుక్కుని కంపెనీ పటాలాల్లో చేరారు. ఐదేళ్లకే, 1806 జులైలో, వేలూరు కోటలో కొత్తరకం టోపీ పెట్టుకోమన్నందుకు, గడ్డాలూ నామాలూ తీసెయ్యమన్నందుకు సాయిబు సిపాయీ హిందూ సిపాయీ కలిసి తిరగబడ్డారు. గడ్డం వీడిదీ నామం వాడిదీ, కోపం ఇద్దరిదీ. తర్వాత ఇంగ్లీషు దొరలే ఇంకో సిద్ధాంతం చేశారు. తెలుగువాళ్లు యుద్ధజాతి కాదట. పంతొమ్మిదో శతాబ్దం చివరికి తెలుగువాళ్లను పటాలాల్లో తీసుకోవడం మానుకుంటూ వచ్చారు. తెలుగువాణ్ణంటే పిరికివాడన్నారు, తురకవాణ్ణంటే నమ్మకూడనివాడన్నారు. మేం రెండూను.

సరే, మళ్లీ చెరువుగట్టుకు వద్దాం. పన్నెండు మంది పడిపోయాక వాళ్లను మొట్టమొదట గుర్తుపట్టింది ఎవరు? నవాబు కాదు, మౌల్వీ కాదు. చాకలి దంపతులు. ఊళ్లో అందరూ చెప్పుకునే కథ ఇది. చెరువులో బట్టలు ఉతుక్కునే చాకలామె అలిసిపోయి ఆ సమాధుల పక్కన నిద్రపోయిందంట. కలలో షహీదులు కనబడి, ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేసింది, మా సమాధుల దగ్గర మట్టి తీసుకెళ్లి నుదుటికి రాస్తే తగ్గుతుంది అన్నారంట. ఆ మట్టితో జబ్బు తగ్గింది. నవాబు భార్యాసమేతంగా వచ్చి ఫాతెహా చదివించి, తెచ్చుకున్న రొట్టెల్లో తాము తినగా మిగిలినవి అక్కడివాళ్లకు పంచాడు. రొట్టెల పండుగ అట్లా మొదలైందంటారు. నాకు ఈ కథలో నవాబు కంటే చాకలామె ఎక్కువ ఇష్టం. ఊరివాళ్లు బట్టలు వెయ్యడానికి తప్ప మాట్లాడని మనిషితో చచ్చిపోయిన సిపాయిలు మాట్లాడారు. ఆమె వాళ్లను మీ మతమేమిటని అడగలేదు. ఎవరి పక్షాన చచ్చారని కూడా అడగలేదు.

రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇప్పుడు లక్షల్లో వస్తున్నారు. ఎక్కువమంది హిందువులే. ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె. కావలసిన రొట్టె ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని నీళ్లలో నిలబడి తినాలి. కోరిక తీరాక మళ్లీ ఏడాది వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. పత్రికలవాళ్లు ఏటా ‘మతసామరస్యానికి ప్రతీక’ అని శీర్షిక పెట్టి ఫొటో వేస్తారు. పండుగైపోయిన మర్నాడు కోటమిట్ట కుర్రాడు అద్దెకు ఇల్లడిగితే పేరు విని తలుపు మూసేస్తారు. అది ఫొటోలో రాదు. మా వాళ్లూ తక్కువ తినలేదు. సమాధుల దగ్గర మొక్కడం షిర్కు, రొట్టెలు బిద్అత్ అని మసీదుల్లో చెప్పేవాళ్లు పెరిగారు. అటూ ఇటూ కాకుండా చెరువు నీళ్లలో నిలబడ్డవాళ్లు ఆ ఆడవాళ్లే.

ఇప్పుడు మా గల్లీ సంగతి.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక ఖాలా ఉండేది. మొగుడు జట్కా తోలేవాడు, చిన్నప్పుడే పోయాడు. ఒక్కడే కొడుకు. చదువు ఎస్సెల్సీ దగ్గర ఆగింది. నెల్లూరులో పని దొరకలేదు. మైపాడు రేవులో చేపల గంపలు లారీల కెత్తాడు కొన్నాళ్లు. ఒక మొహర్రంకి ఖాలా చెరువులో దిగి ఉద్యోగ రొట్టె తీసుకుంది. అప్పుడు ఇప్పటిలా ఏ రొట్టె ఎక్కడని బోర్డులు లేవు, నోటితో అడగడమే. ఎవరో రెడ్లామె ఇచ్చిందట. ఆ ఏడాదే మిలిటరీ వాళ్లు ఆళ్లను తీసుకుంటున్నారని తెలిసి కొడుకు లైన్లో నిలబడ్డాడు, ఎంపికయ్యాడు. మరుసటి పండక్కి ఖాలా ఉద్యోగ రొట్టెలు గంపెడు చేసి పంచింది. అప్పట్నుంచి ఆమె మా అందరికీ మిలిట్రీ ఖాలా. సెలవుకొచ్చినప్పుడు కొడుకు మా పిల్లలందరికీ సెల్యూట్ కొట్టడం నేర్పాడు. అతని ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో రాసిన నంబరు నాకింకా గుర్తే. పేరు కంటే నంబరే పెద్దగా రాసుంది.

1971 డిసెంబరు 3న యుద్ధం మొదలై 16న ఢాకాలో ముగిసింది. మనవైపు నాలుగు వేలకు దగ్గరగా చనిపోయారు. వాళ్లలో మా గల్లీ అబ్బాయి ఒకడు. తంతి ఇంగ్లీషులో వచ్చింది. పక్క వీధి మాస్టారును పిలుచుకొచ్చారు. ఆయన చదివి, తెలుగులో చెప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు.

శవం రాలేదు. ఇప్పుడు టీవీలో జెండా కప్పిన పెట్టెలు, ఊరంతా ఊరేగింపు చూస్తున్నాం. అది 1999 కార్గిల్ యుద్ధంతో మొదలైన అలవాటు. అంతకుముందు యుద్ధంలో పోయినవాణ్ణి ఎక్కువగా ఆ దగ్గర్లోనే పూడ్చడమో కాల్చడమో జరిగేది, ఇంటికి కాగితం వచ్చేది. మా హనఫీ పద్ధతిలో శవం ఎదురుగా లేకుండా జనాజా నమాజు లేదు. షహీద్‌కు స్నానం అక్కర్లేదు, కొత్త కఫన్ అక్కర్లేదు, ఒంటిమీది నెత్తుటి బట్టలతోనే పూడ్చాలి అని మౌల్వీసాబ్ చెప్పాడు. ఖాలా విని ‘ఆ బట్టలు నేను ఉతికి పంపినవే’ అంది. అంతకంటే ఏమీ అనలేదు. మూడో రోజు ఫాతెహా చదివారు. అయిపోయింది.

అయిపోలేదు. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి గల్లీలోపల పుట్టింది. ఎదుటి పక్షాన చచ్చినవాళ్లూ కలిమా చదివేవాళ్లే కదా, ఇతన్ని షహీద్ అనొచ్చా అని మసీదు అరుగు మీద ఒక పెద్దాయన గొణిగాడు. రెండోది గల్లీ బయట. బజారులో టీకొట్టు దగ్గర మా అబ్బాను ఎవరో అడిగారు. “ఏం సాయిబూ, మీవాడు మీవాళ్ల మీదే తుపాకీ పేల్చాడా?” నవ్వుతూనే అడిగారు. అబ్బా టీగ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రెండు ప్రశ్నలూ ఒకటేనని ఇప్పుడు తెలుస్తోంది. ఇద్దరూ చచ్చినవాణ్ణి మతం పేరుతోనే లెక్కేస్తున్నారు. ఒకరు షహీద్ కాదేమో అంటారు, ఇంకొకరు మనవాడు కాదేమో అంటారు.

ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి మేం పేర్లు నేర్చుకున్నాం. 1948 జులై 3న జమ్మూ ప్రాంతంలోని ఝంగర్‌లో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్. పాకిస్తాన్ సైన్యం పెద్ద పదవి ఇస్తామన్నా వెళ్లలేదు. 1965లో ఖేమ్‌కరణ్ పొలాల్లో జీపు మీది తుపాకితో పాటన్ ట్యాంకుల్ని పేల్చి చనిపోయిన హవిల్దార్ అబ్దుల్ హమీద్, పరమవీరచక్ర. ఆ తర్వాత కార్గిల్ యుద్ధంలో కెప్టెన్ హనీఫుద్దీన్. నిజంగా గొప్పవాళ్లు. కానీ అబ్దుల్ హమీద్ పేరును రేషను కార్డులా జేబులో పెట్టుకు తిరగాల్సి రావడమేమిటి? క్రికెట్టు మ్యాచి నాడు తీసి చూపించాలి, బాంబు పేలిన నాడు తీసి చూపించాలి. పక్కవీధి కుర్రాడికి ఏ పరమవీరచక్ర పేరూ కంఠస్థం రావాల్సిన అవసరం లేదు. అతను పుట్టడంతోనే దేశానికి చెందినవాడు. మేం మాత్రం ఎవడో ఒకడు చచ్చి నిరూపిస్తేనే చెందుతాం. చచ్చినా పతకం రాని మా గల్లీ అబ్బాయిలాంటివాడు ఆ లెక్కలోకీ రాడు.

పేరు దక్కకపోవడం మా ఒక్కరి బాధ కాదు, అది మామూలు సిపాయి రాత. మొదటి ప్రపంచయుద్ధంలో ఇండియా నుంచి పదిలక్షలకు పైగా సముద్రాలు దాటారు. డెబ్భై వేలకు పైగా తిరిగి రాలేదు. మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, సమాధి తెలియకుండా పోయిన 40 వేల మందికి పైగా జ్ఞాపకార్థం 1929లో బస్రాలో స్తంభం కట్టారు. తెల్లవాళ్ల పేర్లన్నీ చెక్కారు. మనవాళ్లలో ఆఫీసర్ల పేర్లు మాత్రం చెక్కి, మామూలు సిపాయిలను పటాలం పేరు కింద ‘ఇంకా ఇంతమంది’ అని అంకె వేసి ఊరుకున్నారు. 2021లో ఆ యుద్ధసమాధుల సంస్థే విచారణ చేయించుకుని తప్పు ఒప్పుకుంది. ఆసియా, ఆఫ్రికా సిపాయిల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో జ్ఞాపకం లేదని ఆ నివేదికే రాసింది. ఢిల్లీలో ఇండియాగేటు మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. మిగిలినవాళ్లు అంకెలు.

బస్రాలో అంకె వేసి వదిలేశారు. నెల్లూరులోనూ అంకే, బారా. కానీ తేడా ఉంది. అక్కడ అంకె వేసినవాడికి ఆ మనుషులు అక్కర్లేకపోయారు. ఇక్కడ అంకె మాత్రమే తెలిసినవాళ్లు రెండువందల యాభై ఏళ్లకు పైగా రొట్టెలు చేసుకుని వస్తున్నారు. గల్లీలో గొణిగిన పెద్దాయనకు నేనప్పుడు చెప్పలేకపోయిన జవాబు కూడా ఇక్కడే ఉంది. బారాషహీదులు ఎవరితో పోరాడి చచ్చారు? కథ ప్రకారం చూసినా, చరిత్ర ప్రకారం చూసినా, ఎదుటి పక్షం నవాబూ ముసల్మానే. జీతం కోసం, ఉప్పు తిన్న విశ్వాసం కోసం, పక్కన నిలబడ్డవాణ్ణి వదిలి పారిపోలేక చచ్చారు. అయినా మా ఊరు వాళ్లను షహీద్ అనే పిలిచింది. ఆ మాట వాళ్లకు చెల్లితే మా ఖాలా కొడుక్కి ఎందుకు చెల్లదు? ఆయనది ఏ పక్షం అని బారాషహీదుల దగ్గర ఎవరూ పత్రం అడగలేదు. మా అబ్బాను మాత్రం టీకొట్టు దగ్గర అడిగారు.

1972లో మొహర్రం ఫిబ్రవరిలో వచ్చింది. యుద్ధం ముగిసి రెండున్నర నెలలైనా కాలేదు. ఖాలా ఇల్లు కదలదనుకున్నాం. ముందురోజు రాత్రి ఆ ఇంట్లోంచి రొట్టెల వాసన వచ్చింది. నానీ వెళ్లి, ‘నీకిప్పుడు ఏం మొక్కు బాకీ ఉందమ్మా?’ అని అడిగింది. ‘బాకీ నాది కాదు’ అంది ఖాలా. పొద్దున్నే మాతోపాటు నడిచింది. చెరువులో దిగింది. గంప నా చేతికిచ్చి, ఒక్కొక్క రొట్టే తీసి పట్టుకుంది.

జనం అడుగుతున్నారు. సంతాన రొట్టె అడిగినవాళ్లకు లేదంది. పెళ్లి రొట్టె లేదంది. ఒక కుర్రాడు నీళ్లు తోసుకుంటూ వచ్చాడు. నుదుట బొట్టుంది, పల్లెటూరివాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. ‘ఉద్యోగ రొట్టె ఉందా అమ్మా?’ అన్నాడు.

ఖాలా రొట్టె ముందుకు చాపి, మళ్లీ కొంచెం వెనక్కి లాక్కుంది.

“ఏం ఉద్యోగం నాయనా?”

వాడు తెల్లబోయాడు. ఎవరూ అట్లా అడగరు. ‘ఏదో ఒకటమ్మా, ఏదైనా సరే’ అన్నాడు. ఆమె వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది. వెనక నిలబడ్డవాళ్లు తొందరపెట్టారు. రొట్టె వాడి చేతిలో పెట్టి, తల మీద తడిచెయ్యి వేసి, మా గల్లీ భాషలో ఏదో అంది. వాడికి అర్థం కాలేదు. వంగి నమస్కారం పెట్టి, అక్కడే నీళ్లలో నిలబడి రొట్టె తిన్నాడు. ఖాలా నావైపు తిరిగి ఇంకో రొట్టె ఇమ్మని చెయ్యి చాపింది.